బండిసాల నేలకు ఎపాక్సీ పూత: ఉప్పుగాలి సీమలో దాని వెల

గత సంవత్సరము మా పూర్వవిద్యార్థి యొకడు గల్ఫు దేశమునుండి పాఠశాలకు ఒక జాబు వ్రాసెను. అతడచ్చట మోటారుబండ్లు బాగుచేయు కార్ఖానాలో పని చేయుచున్నాడు. ఆ కార్ఖానా నేల అద్దమువలె మెఱయుచుండుననియు, నూనె చిందినను గుడ్డతో తుడిచిన పోవుననియు, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మన పాఠశాల బస్సు నిలుచు సాలలో నేల పెచ్చులూడి దుమ్ము రేగుచుండుట చూచి మనసు నొచ్చినదనియు, దానికి అట్టి పూత వేయించుటకై తాను 20,000 రూపాయలు పంపెదననియు అందు వ్రాసియుండెను. ఆ పూత పేరు ఎపాక్సీ.

జాబు చదివిన వారందఱును సంతోషించిరి. కార్యనిర్వాహక సంఘమువారు మాత్రము సొమ్ము తెప్పించుటకు ముందు విజ్ఞానశాస్త్రము బోధించు మా అభిప్రాయము నడిగిరి. మేము వెంటనే సరే యనలేదు. ఊరక వచ్చు సొమ్మును ఏల ఆపితిరని తల్లిదండ్రులలో కొందఱు మమ్మడుగుచున్నారు. వారి ప్రశ్న న్యాయమైనది. అదిగాక, మూలపేట ఓడరేవునకు 2023 ఏప్రిల్ 19వ తేదీని శంకుస్థాపన జరిగిన పిమ్మట భావనపాడు చుట్టుపట్ల క్రొత్త ఇండ్లు, గోదాములు, కారుషెడ్లు కట్టించు ఆలోచనలు పెరిగినవి. ఇట్టి పూతను గూర్చి రేపు తమ ఇంటనే తర్కించవలసివచ్చువారు మా చదువరులలో పలువురుందురు. కావున మేము తెలిసికొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

ఎపాక్సీ సామాన్యమైన రంగు కాదు. రంగు ఆరును, ఎపాక్సీ గట్టిపడును. ఈ రెండు మాటలకును భేదము కలదు. గోడకు వేయు రంగులోని నీరుగాని ద్రావకముగాని గాలిలో కలిసిపోగా మిగిలినది పొరగా నిలుచును. ఎపాక్సీలో రెండు డబ్బాలుండును. ఒకదానిలో రెజిను, రెండవదానిలో హార్డెనరు. ఈ రెండును కలిపిన క్షణమునుండి వాని అణువులు ఒకదానినొకటి పట్టుకొని వలవలె అల్లుకొనును. అల్లిక పూర్తియైన పిమ్మట దానిని మరల కరగించుట సాధ్యము కాదు. 1930, 1940 దశకములలో స్విట్జర్లాండునందు పియేరు కాస్తాన్, అమెరికాయందు సిల్వన్ గ్రీన్లీ యను రసాయనికులు దీనిని పెంపొందించిరి. కాస్తాన్ దీనిని మొదట ఆలోచించినది కట్టుడుపండ్ల కొఱకట! నోటిలో మొదలైన వస్తువు నేలపైకి వచ్చినది. 1946లో సీబా కంపెనీవారు దీనినే అరల్డైట్ అను పేర జిగురుగా లోకమునకు చూపిరి. ఆ పేరు మన వడ్రంగులందఱికిని పరిచితమే.

ఇక వెల మాట. డబ్బా వెల చూచి నేల వెల కట్టరాదు. మా తొమ్మిదవ తరగతి విద్యార్థులచే ఈ లెక్క చేయించితిమి. మన సాల 25 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. అనగా 300 చదరపుటడుగులు, ఇంచుమించు 28 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు మందమున పూయుటకు సరిగా ఒక లీటరు కావలెను. కావున మన సాలకు 2 మిల్లీమీటర్ల మందము కావలెనన్న 56 లీటర్లు పట్టును. 0.3 మిల్లీమీటరు చాలునన్న 8 లీటర్ల పైచిలుకుతో తీరిపోవును. రెంటిని గూడ అంగడిలో ఎపాక్సీ నేల యనియే పిలుతురు. ఒకటి తలవెండ్రుకలు మూడు నాలుగు పేర్చినంత మందము. మఱియొకటి రూపాయి బిళ్ల మందమునకు సమీపమైనది. పైగా కొన్ని డబ్బాలలో సగము ద్రావకమో నీరో యుండును. అట్టి డబ్బాలు 10 లీటర్లు తెచ్చి పూసినచో తడిమీద 0.36 మిల్లీమీటరు కనబడి, ఆరిన పిమ్మట 0.18 మాత్రమే మిగులును. చవుకగా దొరకెనని సంతోషించినవాడు కొన్నదానిలో సగము గాలికి ఇచ్చివేసినట్లే. కొనుటకు ముందు డబ్బాపై ఘనపదార్థము నూటికి ఎంతయో చూచుకొనవలెను.

మన ఎండ ఈ పనికి మొదటి చిక్కు. రెజిను, హార్డెనరు కలియునప్పుడు వేడి పుట్టును. రసాయనక్రియలు సామాన్యముగా ప్రతి 10 డిగ్రీల వేడికిని ఇంచుమించు రెట్టింపు వేగముతో నడచునని పై తరగతులవారు చదువుకొనియుందురు. 25 డిగ్రీల చల్లని దినమున కలిపిన మిశ్రమము బకెట్టులో 40 నిమిషములు పనికివచ్చుననుకొందము. మన వేసవిలో 35 డిగ్రీలుండగా అది 20 నిమిషములలోనే చిక్కబడును. బకెట్టులోనే యుంచినచో వేడి బయటికి పోలేక మఱింత పెరిగి, ఒక్కొక్కప్పుడు పొగ గూడ లేచును. కలిపిన వెంటనే నేలపై పోసి పలుచగా పఱచుటయే దీనికి ఉపాయము. ఆలస్యమైన బకెట్టు సొమ్ము ఆ బకెట్టుతోనే పోవును. మన ప్రాంతపు అంచనాలలో ఈ నష్టమునకు ఒక పంక్తి వ్రాయువారిని మేము చూడలేదు.

అట్లయిన చల్లనివేళ తెల్లవాఱుజామున పూయవచ్చునుగదా యని మా విద్యార్థి యొకడడిగెను. మంచి ప్రశ్న. కాంక్రీటు చూపునకు రాయివలె నున్నను అందు సన్నని రంధ్రములు లెక్కలేనన్ని కలవు. ప్రొద్దెక్కుకొలది నేల వేడెక్కి ఆ రంధ్రములలోని గాలి ఉబ్బి పైకి వచ్చును. తడి పూతగుండ అది బుడగలై పగిలి సూదిబెజ్జములు మిగుల్చును. నేల చల్లబడుచుండగా, అనగా మధ్యాహ్నము తిరిగిన పిదప పూసినచో గాలి లోనికి ముడుచుకొని పూతను గూడ కొంత లోనికి లాగుకొనును. కాని సాయంకాలము మించినచో సముద్రపుగాలి తేమ నేలపై మంచుగా దిగును. గాలి 30 డిగ్రీలు వేడిగా నుండి తేమ నూటికి 80 పాళ్లున్నప్పుడు, 26 డిగ్రీలకు చల్లబడిన ఏ వస్తువుపైనైనను నీరు చెమర్చును. నేల ఆ హద్దుకంటె కనీసము 3 డిగ్రీలు ఎక్కువ వేడిగా నుండవలెనని పనివారి నియమము. అనగా 29 డిగ్రీలకు తగ్గరాదు. తగ్గినచో హార్డెనరు గాలిలోని తేమతోను బొగ్గుపులుసు వాయువుతోను కలిసి మైనమువంటి జిడ్డుపొర నేర్పఱచును. దానిపై రెండవ పూత అంటదు. కావున ఈ తీరమున పూతకు తగిన కాలము సంవత్సరములో కొద్దియే. జూనునుండి వానలు, అక్టోబరు, నవంబరు నెలలు తుపానులవి, పిమ్మట వచ్చు జనవరి, ఫిబ్రవరి నెలలలో, అవియును మధ్యాహ్నానంతరపు మూడు నాలుగు గంటలు.

ఎండ చిక్కును నేర్పుతో దాటవచ్చును. నీటి చిక్కు అట్టిది కాదు. మేము సొమ్ము నాపుటకు ముఖ్యకారణ మిదియే గనుక కొంచెము వివరముగా వ్రాసెదము.

నౌపడ ఉప్పుమళ్లను చూడని విద్యార్థి మన పాఠశాలలో లేడు. అచ్చట చేయునదేమి? నేలను త్రొక్కి గట్టిచేసి, ఉప్పునీటిని పలుచగా నిలిపి, ఎండకును గాలికిని వదలుదురు. నీరు ఆవిరియై పోవును. ఉప్పు పోలేదు గనుక మిగులును. సముద్రజలము వేయి పాళ్లలో సామాన్యముగా 35 పాళ్లు లవణములే. మన బస్సుసాల నేలయందును ఇదే పని రేయింబవళ్లు జరుగుచున్నది. జరుగు దిక్కు మాత్రము క్రిందినుండి పైకి. ఈ పల్లపు తీరమున భూజలము చేతికందు లోతున నుండును. దీపపు వత్తిలో నూనె ప్రాకినట్లు ఆ నీరు ఇసుకగుండ, కాంక్రీటు రంధ్రములగుండ పైకి ప్రాకి, నేలపై ఆవిరియగును. తెచ్చిన ఉప్పును అచ్చటనే వదలిపోవును. ఉప్పు పలుకులు రంధ్రములలో పెరుగుచు వాని గోడలను ఒత్తి పగులగొట్టును. మన సాలలో రేగుచున్న దుమ్ము కేవలము అరుగుదల కాదు; అందు చాలభాగము ఈ ఉప్పు చేసిన పొడియే. ఉప్పుమడిలో మనము కోరి పండించునది సాలలో కోరకయే పండుచున్నది.

ఇట్టి నేలపై గాలి చొరని పూత వేసితిమనుకొనుడు. క్రిందినుండి వచ్చు నీరు ఆగదు. పోవు దారి మాత్రము మూసికొనిపోవును. అది పూత అడుగున చేరి, కాంక్రీటులోని సున్నపు క్షారమును ఉప్పును కలుపుకొని, పూతకును నేలకును గల పట్టును కొంచెము కొంచెముగా విడదీయును. పైకి నూనెలో పొంగిన పూరీవలె బొబ్బలు లేచును. చక్రము వాటిపై నెక్కగానే పగులును. పూత మంచిదైన కొలది, అనగా నీరు చొరనిదైన కొలది, ఈ ఆపద యెక్కువ.

మన నేలయందు ఎంత చెమ్మ కలదో కనుగొనుటకు ఇంట నెవరైనను చేయదగిన పరీక్ష యొకటి కలదు. 18 అంగుళముల చదరముగా తెల్లని ప్లాస్టిక్కు పట్టాను కత్తిరించి, నేలపై పఱచి, నాలుగు అంచులను టేపుతో గాలిచొరకుండ అంటించి, 16 గంటలకు తక్కువగాకుండ విడువవలెను. పిమ్మట ఎత్తి, పట్టా అడుగున చెమటగాని, నేలపై నల్లని తడిమచ్చగాని కలదేమో చూడవలెను. మేము విద్యార్థులతో కలిసి సాలలో నాలుగు చోట్ల ఇట్లు అంటించితిమి. మరునాడు ఉదయము ప్రార్థన గంటకు ముందే పిల్లలు సాలకు పరుగెత్తిరి. వాకిటివైపు రెండు పట్టాలు పొడిగా నుండెను. వెనుకగోడ ప్రక్క రెండింటి అడుగున ముత్యములవలె నీటిబొట్లు నిలిచియుండెను. ఒకచోట పట్టా ఎత్తిన గంటలోపల తెల్లని ఉప్పు నుసుగు కనబడెను. సాలను పూర్వము కట్టిన తాపీమేస్త్రి వృద్ధుడు, ఆ దినమున అటు వచ్చి యిది చూచి నవ్వి, “మాస్టారూ, అడుగున నీరూరుతుంటే మీదెంత రంగేసినా ఏటి లాభం?” అనెను. మేము నాలుగు పుటలలో చెప్పుచున్నదానిని అతడు ఒక్క వాక్యమున చెప్పెను.

మన పెద్దలు ఈ తీరముననే తరతరములు కాపురము చేసిరి. వారి నేలలు ఏల బొబ్బలెక్కలేదు? పేడతో అలికిన మట్టినేల నీటిని ఆపదు. వచ్చిన చెమ్మను వచ్చినట్లే పైకి విడుచును. ఉప్పు చేరి పొడియైన పొర మరుసటి అలుకుతో బాగుపడును. దానికి వెల లేదందురు. ఇంటి యాడువారి నడుము నొప్పిని వెలగా కట్టనందున అట్లనిరి. సముద్రపు గుల్లలు కాల్చిన సున్నమును గానుగలో నూఱి, బెల్లపునీరు, కరక్కాయనీరు కలిపి, దిమ్మిసతో కొట్టి, రాయితో మెఱుగుపెట్టిన గచ్చు దీనికంటె గట్టిది. అదియును ఊపిరి తీయును. మన పాత తరగతి గదులలో అట్టి గచ్చు నేటికిని కొంత మిగిలియున్నది. చేయి పెట్టి చూచినచో ఎండకాలమున గూడ చల్లగా నుండును. ఆ చల్లదనము గూడ చెమ్మ ఆవిరియగుటవలన కొంత కలుగుచున్నదే. అయితే అట్టి గచ్చును కొట్టగల పనివారు అరుదైరి. బస్సు బరువునకును నూనెమరకలకును అది తగినదని మేము చెప్పజాలము.

ఇట్లు వ్రాసినందున ఎపాక్సీ చెడ్డదని చదువరులు తలంపరాదు. మన జిల్లాలోనే పైడిభీమవరము వద్ద మందుల కర్మాగారములు కలవు. మందులు చేయు గదుల నేలలు నునుపుగా, పగుళ్లు లేక, కడుగుటకు వీలుగా నుండవలెనని ఔషధ నియమములలోని ఎం షెడ్యూలు శాసించుచున్నది. అతుకులేని నేల కొఱకు అట్టిచోట్ల ఎపాక్సీ ఎంతయు ఉపయోగించును. గదులు చల్లగా నుండును, ఎండ పడదు, వేడిచక్రములు తిరుగవు. కారుసాలకు ఈ మూడును లేవు. ఎండలో తారురోడ్డుపై పరుగెత్తి వచ్చిన టైరు 60 డిగ్రీల వేడిని తేలికగా దాటును. సామాన్యపు గాలివేడిలో గట్టిపడిన ఎపాక్సీ 50, 60 డిగ్రీల మధ్య తన గట్టితనము కోల్పోయి తోలువలె మెత్తబడును. టైరు చల్లారుచు ముడుచుకొనునప్పుడు మెత్తని పూతను పట్టుకొని లాగును. పట్టు బలహీనముగా నున్నచో మరునాడు బండి కదలగానే పూత చక్రముతో లేచివచ్చును. సాల వాకిట ఎండపడు భాగము పసుపురంగు తిరిగి సుద్దవలె పొడి రాల్చును; దానికి పైన పాలియురెథేను పూత వేఱుగా కావలెను. తడిసిన నున్నని నేలపై జారుట మఱియొకటి. వలలు, చేపలతట్టలు కడుగు ఇండ్లవారు తడి పూతపై సన్నని గరుకు ఇసుక చల్లించుకొనక తప్పదు. హార్డెనరు చర్మమునకు తగిలినచో దురదపొక్కులు కలిగించును. చేతొడుగులు లేనిదే పనివారిని ముట్టనీయరాదు.

ఇప్పుడు లెక్క. ఈ క్రింది రేట్లు లెక్కకొఱకు మేము గ్రహించినవి. చదువరులు తమకు వచ్చిన రేట్లు వేసికొని తిరిగి కట్టుకొనవలెను. నేలను యంత్రముతో అరగదీసి గరుకుచేయుటకు చదరపుటడుగునకు 20 రూపాయలు, పలుచని పూతకు 50, రెండు మిల్లీమీటర్ల పూతకు 120, చెమ్మ నాపు అడుగుపూతకు 40 అనుకొందము. పలుచని పూతను అరగదీసిన నేలపై వేసినచో 21,000 రూపాయలు. మా విద్యార్థి పంపెదనన్న సొమ్ము ఇంచుమించు దీనికి సరిపోవును. పొడినేలపై ఇది అయిదేండ్లు నిలిచినచో ఏటికి 4,200 పడును. మన సాలవంటి తడినేలపై వానలు పోవునప్పటికి బొబ్బలెక్కినచో, దానిని గీకి తీయుటకు మరల 6,000. అనగా ఒక్క యేటికి 27,000 రూపాయలు పోసి, ముందున్న నేలనే తిరిగి పొందినవారమగుదుము.

చెమ్మ నాపు పూత, దానిపై మందపు పూత వేయించినచో అరగదీయుటతో కలిసి 54,000. పదియేండ్లు నిలిచినను ఏటికి 5,400. పాత నేలను త్రవ్వి, క్రింద పాలిథీను పట్టా పఱచి, క్రొత్త కాంక్రీటు పోయించుటకు అడుగునకు 110 చొప్పున 33,000 కాగలదు. దానిని 28 దినములు చక్కగా కట్టుబడనిచ్చి, ఆరనిచ్చి, పట్టా పరీక్ష మరల చేసి, ఆపై మందపు పూత వేసినచో మొత్తము 69,000. మొదటి చూపునకు ఇది భయంకరమైన మొత్తము. కాని పదునైదేండ్లకు పంచినచో ఏటికి 4,600 మాత్రమే. పైగా పూత అరిగిన పిమ్మటను క్రింది నేల మిగిలియుండును. క్రొత్తగా ఇల్లు కట్టువారు కాంక్రీటు పోయుటకు ముందే ఆ ప్లాస్టిక్కు పట్టా పఱపించుకొనవలెనని మేము ప్రత్యేకముగా చెప్పుచున్నాము. ఆ దినమున దానికగు వ్యయము స్వల్పము. పిమ్మట దానికొఱకు నేలనంతయు పగులగొట్టవలెను. కాంక్రీటులోనికి సముద్రపుటిసుకను రానీయకుండుట గూడ అంతే ముఖ్యము.

పూత లేకయే నేలను గట్టిచేయు దారి యొకటి కలదు. సిలికేటు ద్రావణమును కాంక్రీటుపై పోసి ఇంకించినచో, అది కాంక్రీటులో మిగిలియున్న సున్నముతో కలిసి రాయివంటి పదార్థమై రంధ్రముల గోడలను బలపఱచును. దుమ్ము తగ్గును. చెమ్మకు దారి పూర్తిగా మూయబడదు గనుక బొబ్బల భయము లేదు. మెఱుపు మాత్రము రాదు. నూనెమరకలు కొంత పట్టును. ఉప్పు పీడ గూడ నెమ్మదించునేకాని మానదు. దీనిని అడుగునకు 15 చొప్పున వేసికొన్న 4,500. టెక్కలి ప్రాంతపు గనుల గ్రానైటు ముక్కలను, మెఱుగు పెట్టనివానిని, చక్రములు నడచు రెండు బాటలలో పఱచుట గూడ ఆలోచింపదగినదే. అది రాయి దొరకు వెలనుబట్టి యుండును.

ఈ లెక్కలన్నియు వ్రాసి మేము మా పూర్వవిద్యార్థికి జాబు పంపితిమి. అతని 20,000 రూపాయలలో 8,000 సాల కప్పునకు వానగొట్టము, కాలువ ఏర్పఱచి, వెనుకగోడ ప్రక్కనే నేలలో నింకుచున్న రేకుల నీటిని దూరముగా పంపుటకును, 5,000 గుంతలు పూడ్చుటకును, 4,500 సిలికేటు ద్రావణమునకును వాడుకొననిమ్మని కోరితిమి. భూజలమును మేము ఆపలేము; కప్పునీటినైనను ఆపగలము. 2018 అక్టోబరు 11వ తేదీని పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపానులో రేకులు లేచిపోయిన ఇండ్లను చూచినవారికి కప్పు సంగతి ముందు చూడవలెననుట క్రొత్తగాదు.

అతని ప్రత్యుత్తరము పది దినములకు వచ్చెను. తన కార్ఖానా నేలవంటిది మన బడిలో కనబడదుగదా యని కొంత చిన్నబుచ్చుకొన్నట్లు తోచెను. తుదకు ఒప్పుకొని, మిగిలిన 2,500 రూపాయలతో పిల్లలు చూచుటకైనను రెండు చిన్న చదరములు ఎపాక్సీ వేయింపుడని వ్రాసెను. ఇది మాకు తోచని ఆలోచన. అతడు కార్ఖానాలో ఊరక పని చేయుటలేదు. ఫిబ్రవరి మాసమున ఒక మధ్యాహ్నము మూడు గంటలకు, వాకిటివైపు పొడినేలపై ఒకటి, వెనుకగోడవైపు తడినేలపై ఒకటి, మూడేసి అడుగుల చదరములుగా ఒకే బకెట్టులోని మిశ్రమముతో పూయించితిమి. నేటికి రెండును సమానముగా మెఱయుచున్నవి. సాల గోడకు మేకు కొట్టి ఒక నోటుపుస్తకము వ్రేలాడదీసితిమి. ప్రతి సోమవారమును తొమ్మిదవ తరగతివారు ఇద్దఱు వెళ్లి, నాణెముతో పూతను మెల్లగా తట్టి, డొల్లధ్వని వచ్చినచోట సుద్దతో గుండ్రముగా గీచి, తేదీ వేసి వ్రాయుచున్నారు. ఈ సంచిక అచ్చునకు పోవునాటికి వానలు ఇంకను రాలేదు.